మౌస్ కోసం వెతుకుతుంటే

ఖాసిం అనే గాలివాన మొదలైన రెండో రోజు పొద్దున నా మౌస్ కంప్యూటరుతో కలవడం మానేసింది. డిసెంబరు మొదట్లో ఏటా వచ్చే గాలివానే అది. అలెగ్జాండ్రియాలో పుట్టిన వాళ్లం కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కి, ఎర్రపప్పు చారు కాచుకుని, తలుపులేసుకుని కూర్చుంటాం. దానికి ఎవరూ భయపడరు. నా భయం వేరు.

మాది సముద్రపు ఒడ్డున సీదీ బిష్ర్‌లో ఆరంతస్తుల భవనం. వేసవిలో కైరో నుంచి వచ్చిన వాళ్లతో కిటకిటలాడుతుంది, చలికాలం వచ్చేసరికి తలుపులన్నిటికీ తాళాలే. ఆరో అంతస్తులో మిగిలేది ఇద్దరమే. ఇటు వాటాలో నేను, అటు వాటాలో రిటైరైన లెక్కల టీచరు ఇన్సాఫ్. ఆవిడకు డెబ్బై ఆరేళ్లు. మా ఆయన ఓడ మీద పనిచేస్తాడు, ఆ వారం జెడ్డా దగ్గరెక్కడో ఉన్నాడు. అంతకు నెల క్రితం పక్క భవనం డాబా మీంచి మా డాబా మీదికి దూకి ఎవడో దొంగ లోపలికి దిగాడు. అయిదో అంతస్తులో తాళాలేసిన రెండు ఇళ్లు దోచుకుపోయాడు. అప్పటి నుంచి పైన పిల్లి నడిచినా నా గుండె జారిపోయేది.

నేను పళ్ల డాక్టర్లకు పని చేస్తాను. అరిగిన పంటి మీద వేసే తొడుగు ఆకారాన్ని కంప్యూటర్లో గీసి పంపిస్తే, ల్యాబులో యంత్రం దాన్ని చెక్కుతుంది. ఆ రోజు సాయంత్రం నాలుగింటికల్లా మూడు పళ్లకు కలిపి వేసే బ్రిడ్జి ఒకటి పంపాలి. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద ఎప్పుడో టీ ఒలికి అది పాడైపోయింది. మౌస్ లేకపోతే నాకు చెయ్యి లేనట్టే. బ్యాటరీ మార్చాను. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. బ్లూటూత్ ఆన్‌లోనే ఉందంటుంది, మౌస్ మాత్రం లేదంటుంది.

పది గంటలప్పుడు నెత్తి మీద చప్పుడు మొదలైంది.

దబ్, దబ్, దబ్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ మూడు. గాలి అలా లెక్కపెట్టి కొట్టదు. కింద గేటు గదిలో ఉండే కాపలాదారు ఇద్రీస్‌కు ఫోన్ చేశాను.

"బాబాయ్, డాబా మీద ఎవరో ఉన్నారు!"

"ఎవరుంటారమ్మా ఈ వానలో? తెల్లారుజామున ఆ తలుపు గాలికి ఒకటే కొట్టుకుంటుంటే నేనే పైకొచ్చి గడియ పెట్టా. దొంగయినా దెయ్యమయినా లోపలికి రాలేడు. ఏ డిష్ గొట్టమో ఊడుంటుంది, నీ పని చూసుకో."

"టీచరమ్మ ఇంట్లో ఉందా?"

"ఆవిడా? దమన్‌హూర్‌లో కూతురింటికి పోతానందిగా. నేను మళ్లీ పడుకున్నప్పుడు పోయుంటుంది."

ఫోన్ పెట్టేసి, భోజనాల బల్ల దగ్గరి బరువైన కుర్చీని ఈడ్చుకొచ్చి వీధి తలుపుకు అడ్డం వేశాను. చప్పుడు వినపడకుండా రేడియో పెట్టి గొంతు పెంచాను. పన్నెండు కావస్తుండగా రేడియో తగ్గించి చూస్తే పైన అలికిడి లేదు. ఎంత తేలికపడ్డానో చెప్పలేను. ఆ ఊరటను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మళ్లీ మౌస్ తో కుస్తీ పట్టి, ఒంటిగంట దాటాక పోర్ట్ సయీద్‌లో ఉన్న మా అన్నయ్య హాజిమ్‌కు ఫోన్ కలిపాను. నా పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ పెట్టింది వాడే.

"కమాండ్లు కొట్టే నల్ల కిటికీ తెరువు," అన్నాడు. "చెప్పింది చెప్పినట్టు కొట్టు. చుట్టుపక్కల ఉన్న బ్లూటూత్ వస్తువులన్నీ వరసగా వస్తాయి. మౌస్ పేరు వస్తే చెప్పు."

"రాలేదు."

"మరేం వచ్చాయి?"

"ఎవరిదో టీవీ. ఇంకోటి..." నేను ఆగిపోయాను.

"ఏంటే, చెప్పు!"

"ఇన్సాఫ్ అని వచ్చింది అన్నయ్యా. పక్కన ఆర్ అనే అక్షరం."

"ఎవరా ఇన్సాఫ్?"

"ఎదురింటి టీచరమ్మ. అది ఆవిడ కుడిచెవి మిషన్. కూతురే ఆ పేరు పెట్టింది. కానీ ఆవిడ ఊళ్లో లేదు!"

"మర్చిపోయి పోయుంటుంది."

"అది లేకుండా గుమ్మం కూడా దాటదు. చెవిలోంచి తీస్తే బ్యాటరీ మూత తెరిచి పెడుతుంది, అయిపోతుందని. ఇది పనిచేస్తూనే ఉంది."

"పక్కన మైనస్ పెట్టి ఒక అంకె ఉంటుంది, చూడు. ఆ అంకె తగ్గేకొద్దీ దగ్గరకొచ్చినట్టు. ఎంతుంది?"

"తొంభై ఒకటి."

"గోడవతలో కప్పవతలో ఉన్నట్టు. శాహీ, ఎవడైనా ఆవిడింట్లో దూరాడేమో. తలుపు తియ్యకు, విన్నావా?"

విన్నాను. అన్నయ్య ఫోన్ ఆపి టీచరమ్మ నంబరుకు చేశాను. నా చెవిలో మోగుతున్న గంట ఎదురు వాటా తలుపు వెనకనుంచి కూడా మోగుతోంది. చాలాసేపు మోగింది. ఎవరూ ఎత్తలేదు.

ఊరెళ్లిన మనిషి ఫోన్ ఇంట్లో వదిలి వెళుతుందా?

కుర్చీ పక్కకు లాగాను. ల్యాప్‌టాప్‌ను ఎడమచేతి మీద పసిబిడ్డలా పట్టుకుని గుమ్మం బయటికి వచ్చాను. టీచరమ్మ తలుపు మీద కొట్టాను. "టీచరమ్మా! నేను, శాహీనాజ్‌ని!" అంకె చూస్తే తొంభై అయిదు. కళ్ల ముందే ఆ పేరు మాయమైపోయింది. అంటే ఇంట్లో లేదు. వెనక్కి తిరిగి మెట్ల దగ్గరికి నడిచాను. మళ్లీ వచ్చింది, ఎనభై ఎనిమిది. డాబా మెట్లెక్కాను. ఎనభై నాలుగు. మలుపు తిరిగాను. డెబ్బై ఆరు.

ఎదురుగా ఇనప తలుపు. గడియ నా వైపే ఉంది. ఇద్రీస్ చెప్పినట్టే బిగించి ఉంది. అవతల గాలి హోరు.

గడియ మీద చెయ్యి వేశాను. తీయలేకపోయాను. అవతల దొంగ ఉన్నాడనీ, టీచరమ్మను ఏదో చేశాడనీ, ఆ మిషన్ వాడి జేబులో ఉందనీ ఎన్నెన్నో తోచాయి. తీస్తే నా మీద పడతాడు. అప్పుడు, ఎందుకు తోచిందో తెలియదు, కాలి చెప్పు తీసి తలుపు మీద మూడుసార్లు కొట్టాను.

చాలాసేపటికి ఒక్క దెబ్బ వినపడింది. బలం లేని దెబ్బ.

పొద్దున వినపడిన మూడు దెబ్బలేమిటో నాకప్పుడు అర్థమైంది. అయినా దొంగ భయంతో ఆ గడియ తీయలేదు. మెట్ల సందులోకి వంగి, "ఇద్రీస్ బాబాయ్! పైకి రా! తొందరగా రా!" అని గొంతు చించుకుని అరిచాను.

ఆరంతస్తులు ఎక్కి రావడానికి ఆయనకు అయిదు నిమిషాలు పట్టింది. రొప్పుతూ, గొణుగుతూ వచ్చాడు. "లిఫ్టు లేదని తెలిసి కూడా... ఈసారి దొంగా, దెయ్యమా శాహీనాజమ్మా?"

"టీచరమ్మ. అవతల ఉంది."

ఆయన ముఖంలో నవ్వు అలాగే ఆగిపోయింది. "అక్కడెవరూ లేరు. నేను గడియ పెట్టేటప్పుడు చూశా... తొంగి చూశాననుకుంటా." ఆ వెంటనే రెండు చేతులతో గడియ లాగేశాడు. తలుపు గాలికి అటు విసురుగా తెరుచుకుంది.

నీళ్ల ట్యాంకుకూ పిట్టగోడకూ మధ్య సందులో కూర్చుని ఉంది టీచరమ్మ. నెత్తి మీద చెక్క ఒకటి అడ్డం పెట్టుకుంది. ఒక కాలికే చెప్పుంది. పెదవులు నల్లబడ్డాయి. చేతిలో తుప్పు పట్టిన గొట్టం ముక్క. అది సరిగ్గా నా గది పైభాగం. తెల్లారుజామున, ప్రయాణానికి ముందు, ఆరేసి మరిచిపోయిన దుప్పటి తీసుకుందామని పైకి వచ్చిందట. గాలికి కొట్టుకుపోయిన ఆ దుప్పటిని ట్యాంకు వెనక వెతుకుతుండగా తలుపు మూసుకుంది. ఎంత బాదినా ఎవరూ రాలేదు. తిరిగొస్తూ జారిపడితే చీలమండ వాచిపోయింది. గాలి తగలని చోటికి పాకింది.

ఆవిడ ముందు ఇద్రీస్‌ను చూసింది. పళ్లు టకటకలాడుతుండగానే, "గడియ పెట్టింది నువ్వేనా వెధవా?" అంది.

"నేనే తల్లీ," అన్నాడాయన. అంత పెద్ద మనిషీ ఏడ్చేశాడు. ఆవిణ్ణి వీపు మీద ఎక్కించుకుని మా ఇంటికి దించాడు. తడిబట్టలు మార్చి, మూడు దుప్పట్లు కప్పి, నీళ్లు కాచి సీసాల్లో పోసి పక్కన పెట్టాను. వీధుల్లో మోకాలి లోతు నీళ్లుండటంతో అంబులెన్సు గంటకు గానీ రాలేదు. ఆ గంటలో రెండుసార్లు ఆవిడ కళ్లు మూతలు పడ్డాయి. రెండుసార్లూ భుజం పట్టి కుదిపి, ఎక్కాలు అప్పజెప్పించాను. పదమూడో ఎక్కంలో తప్పు చెప్పినప్పుడు నాకు పొద్దుటికన్నా ఎక్కువ భయం వేసింది.

బతికింది.

మౌస్ సంగతి మర్నాడు హాజిమ్ ఫోన్లోనే తేల్చాడు. కంప్యూటర్ దాచుకున్న మౌస్ పాత గుర్తు చెడిపోయిందట. దాన్ని తీసేసి, మౌస్ అడుగున ఉన్న బొత్తాన్ని దీపం మిణుకుమనేదాకా నొక్కి పట్టమన్నాడు. నిమిషంలో కలిసింది. ల్యాబు ఆయన ఆలస్యానికి తిట్టడం మొదలుపెట్టి, కారణం విని ఊరుకున్నాడు.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్లాను. టీచరమ్మ దిండుకానుకుని కూతురు తెచ్చిన జామపళ్లు తింటోంది. మంచం పక్కన కూర్చుని, చెప్పాల్సింది చెప్పేశాను.

"ఆ రోజు పొద్దునే వినపడింది టీచరమ్మా. మీరు కొట్టింది. దొంగనుకుని రేడియో పెట్టుకున్నాను."

ఆవిడ నమలడం ఆపింది. తిడితే బాగుండుననిపించింది.

"ఎన్నింటికి?"

"పదింటికి."

"నువ్వు వచ్చింది ఒకటిన్నరకి." లెక్కల టీచరు గదా, మనసులో తీసివేసినట్టుంది. "మూడున్నర గంటలు."

"అవును."

"చాలా చలేసింది శాహీనాజ్," అంది, గొంతులో కోపమేమీ లేకుండా. ఆ తర్వాత పళ్లెంలోంచి ఒక జామపండు తీసి నా చేతిలో పెట్టింది. నేను తిన్నాను. గింజలు పళ్లలో ఇరుక్కున్నాయి, అయినా తిన్నాను.

ఇద్రీస్ ఆ వారమే స్క్రూడ్రైవరు తెచ్చి డాబా తలుపు గడియ మొత్తం పీకేశాడు. టీచరమ్మ ఇప్పుడు చేతికర్రతో నడుస్తుంది, బట్టలు ఆరేయడానికి పైకి వెళ్లనే వెళుతుంది. నేను వెళ్లను. పైన చిన్న చప్పుడైతే చాలు, నా గుండె ఇంకా జారుతుంది. రేడియో మాత్రం పెట్టను. లేచి తలుపు తీసి, మెట్ల మొదట నిలబడి, "ఎవరది?" అని అరుస్తాను.