విభేద పత్రంలో రెండో గడి

అమెరికాలో హెర్న్‌డన్ అనే ఊళ్లోని ఆ సర్వే కంపెనీలో లీలావతి మాటకు తిరుగు లేదు. వాల్తేరులో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేసి, అమెరికా జనాభా లెక్కలతో తల నెరిసిన మనిషి. అరవై తొమ్మిదేళ్ల వయసులోనూ వారానికి మూడు రోజులు ఆఫీసుకు వచ్చేది. సర్వేలో జనం తమ సొంత మాటల్లో చెప్పిన జవాబులను ఏ వర్గంలో చేర్చాలో నిర్ణయించే నియమావళి మొత్తం ఆమె రాసిందే.

ఆ నియమావళి ప్రకారం జవాబులను వర్గాల్లోకి సర్దడం ఉజ్వల పని. నల్లగొండ నుంచి వచ్చి, ఎమ్మెస్ ముగించి, చదువయ్యాక పనిచేయనిచ్చే ఓపీటీ గడువు జూన్‌తో తీరిపోతున్న పిల్ల. మార్చి నెలాఖరులోగా కంపెనీ ఆమె పేరు హెచ్-1బీ ఉద్యోగ వీసాకు పంపాలి. పంపకపోతే ఆమె ఈ దేశంలో ఉండే దారి మూసుకుపోయినట్టే.

ఆ మార్చి మొదటి వారంలోనే స్కాట్లండ్ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి ఒక తీరప్రాంత పార్లమెంటు నియోజకవర్గంలో జనాభా తీరు, జీవన వ్యయం, వాతావరణ మార్పుపై అభిప్రాయాలు తేల్చి ఈ కంపెనీ అంతకు ముందే నివేదిక పంపింది. వాతావరణ చర్యలకు నూటికి నలభై ఎనిమిది మంది వ్యతిరేకులని అందులో ఉంది. అది చూసి అక్కడి నిధి సంస్థ, పాత ఇళ్లకు చలి చొరకుండా గోడలు బాగుచేసే పథకాన్ని పక్క నియోజకవర్గానికి ఇచ్చేసింది. ఇప్పుడు ఆ సంస్థలోనే ఎవరికో అనుమానం వచ్చింది: సముద్రం మా రోడ్డును కోసేస్తోందని మొత్తుకున్నవాళ్లే వ్యతిరేకులు ఎలా అయ్యారు?

లీలావతి జవాబులన్నీ తెరిపించి, ఉజ్వలను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇది చదువమ్మా."

"'ఇంకేమీ తగ్గించలేను. వంటింట్లో ఒక్కచోటే వేడి పెట్టుకుంటున్నాను. మిగతా గదులు మూసేశాను.' డెబ్బై ఎనిమిదేళ్లు, ఒక్కతే ఉంటది."

"ఎందులో చేర్చావు?"

"వ్యతిరేకుల్లో. రూల్ పద్నాలుగు, ఆంటీ. కరెంటు, గ్యాస్ వాడకం తగ్గించం అన్నోళ్లు వ్యతిరేకులని మీరే రాసిన్రు. నాకు డౌటొచ్చి మిమ్మల్ని అడిగిన గూడ. నియమం చదువు, మనసులు చదవకు అన్నరు."

అన్నది నిజమే. లీలావతికి ఆ రోజు, ఆ మాట అన్నప్పుడు తన గొంతులోని విసుగు కూడా గుర్తొచ్చాయి.

పద్నాలుగో నియమం పుట్టింది అమెరికాలోనే, ఎండలు మండే ఫ్రిస్కోలో. రెండేళ్ల కిందట అక్కడ చేసిన సర్వేలో, అయిదు గదుల ఇంట్లో ఏసీ చల్లబెట్టుకొని, మూడు కార్లు వాకిట్లో నిలుపుకొని, ఏదీ తగ్గించనన్న మనిషిని వ్యతిరేకి అనడంలో తప్పేమీ లేదు. అతనికి తగ్గించే చోటుంది, ఇష్టం లేదు. గ్యాస్ పైపు లేక, ఇల్లు వేడిచేసే నూనె కొనలేక, ముసలివాళ్లు ఎక్కువై పిల్లలు తక్కువైన ఆ చలి తీరానికి అదే నియమాన్ని తిరిగి చూడకుండా పంపింది లీలావతి. ఆ తప్పు రెండువందల పదమూడు మంది మీద పడింది. ఉన్నదంతా ముందే వదులుకున్నవాళ్లు లోకానికి మొండివాళ్లుగా కనిపించారు, ఆ లెక్క చూపించి వాళ్ల గోడల బాగును ఎత్తేశారు.

ఇలాంటి తేడా బయటపడితే కంపెనీలో విభేద పత్రం నింపాలి. కారణం అన్నచోట రెండు గడులుంటాయి: మొదటిది నియమంలో దోషం, రెండోది వర్గీకరించిన వారి పొరపాటు. లీలావతి మొదటి గడిలో గుర్తు పెట్టి, సంతకం చేసి, డైరెక్టర్ ఫణి బల్లమీద ఉంచింది.

ఫణి ఆమె చేతికింద పని నేర్చుకున్నవాడే. పత్రం చదివి తలుపు దగ్గరికి వేశాడు.

"లీలావతి గారూ, మొదటి గడి అంటే ఆ రూల్ వాడిన తొమ్మిది రిపోర్టులూ వెనక్కి తెప్పించుకోవాలి. ఫ్రిస్కో కాంట్రాక్టు రెన్యువల్ వచ్చే నెలే అండీ."

"ఫ్రిస్కోలో ఆ నియమం సరైనదే."

"మీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్ల లాయర్‌కి ఎవరు చెప్తారు? రెండో గడిలో టిక్ పెట్టి ఇవ్వండి. ఒక్క రిపోర్టుతో పోతుంది."

"ఒక్క పిల్లతో పోతుంది అను."

"ఇప్పుడు పిల్ల గుర్తొచ్చిందా మీకు? ఆ అమ్మాయి డౌట్ అడిగినప్పుడు ఈ ధర్మమంతా ఎక్కడ పెట్టారండీ?"

ఆ మాట నిజమని లీలావతికి తెలుసు. అయినా, "రెండో గడిలో నేను సంతకం పెట్టను ఫణీ," అని లేచి వచ్చేసింది. ఆ వారమంతా ఆమెకు మనసు తేలికగానే ఉంది. తాను పెట్టకపోతే పత్రం ముందుకు కదలదని ఆమె నమ్మకం.

కదిలింది. చేసినవారే తప్పు ఒప్పుకుంటే రెండో మనిషి సంతకం అక్కర్లేదని నియమావళిలో ఒక వెసులుబాటు ఉంది. నిజాయతీగా ఒప్పుకున్నవారిని నలుగురిలో నిలబెట్టకూడదని ఒకప్పుడు లీలావతే పెట్టిన వెసులుబాటు అది. సోమవారం ఆమె వచ్చేసరికి కొత్త పత్రం స్కాట్లండ్ చేరిపోయింది. రెండో గడిలో గుర్తు. కింద ఉజ్వల సంతకం.

తప్పు చేసిన మనిషిని తమ పనిమీద ఉంచవద్దని ఆ సంస్థ తిరిగి రాసింది. పొరపాటు రాతపూర్వకంగా ఒప్పుకున్న ఉద్యోగిని ప్రత్యేక నిపుణురాలని వీసా పిటిషన్‌లో ఎలా రాస్తామన్నాడు కంపెనీ వకీలు. మార్చి వెళ్లిపోయింది. ఉజ్వల పేరు వెళ్లలేదు.

ఉద్యోగంలో ఆఖరి రోజు ఆమెను లీలావతే తన కారులో ఇంటికి దింపింది.

"నన్నొక్క మాట అడగకుండా ఎందుకు పెట్టావమ్మా?"

"ఫణి సార్ పిలిచిండు. ఆంటీ పెట్టనన్నది, నువ్వు పెడితే నీ పేరు పంపిస్త అన్నడు. పెట్టిన."

"తప్పు నీది కాదని నేను రాసిచ్చాను కదా."

"రాసిన్రు. అది చించిండు." ఉజ్వల గొంతులో కోపం లేదు, విషయం వివరిస్తున్నట్టుంది. "మీరే రెండో గడిల పెట్టుంటే మంచిగుండె ఆంటీ. మీరు రాసిన రూల్ ప్రకారమే చేసిన అని నేను కొట్లాడేదాన్ని. మెయిల్స్ ఉన్నయ్ నా దగ్గర. ఇప్పుడు నా సంతకాన్ని నేనే ఎట్ల కాదంట?"

లీలావతి అపార్ట్‌మెంటు ముందు కారు ఆపింది. తన చేతికి మచ్చ అంటకుండా చూసుకోవడం ఎవరిని ముంచిందో అప్పటికి లెక్క తేలింది.

"శాంటా క్లారాలో యూనివర్సిటీలో నాకు తెలిసినవాళ్లున్నారు, వాళ్లిచ్చే వీసాకు మార్చి గడువు లేదు. ఉత్తరం రాసిస్తాను. జరిగింది జరిగినట్టు రాస్తాను."

"ఉత్తరం రాయున్రి. జరిగింది మాత్రం రాయకున్రి. వెరిఫికేషన్‌కి మళ్ల ఫణి సార్‌కే ఫోన్ చేస్తరు. ఆయన ఆ పత్రం తీసి చూపిస్తడు." తలుపు తీసుకొని దిగింది. "థాంక్యూ ఆంటీ. మెల్లగ పోన్రి, ముందట స్కూల్ బస్సులుంటయ్."

లీలావతి ఇంటికి వచ్చి ఉత్తరం రాసింది. ఉజ్వల చురుకైనదని, చెప్పిన నియమాన్ని అక్షరం తప్పకుండా పాటిస్తుందని రాసింది. ఉద్యోగం వదిలిన కారణం అన్నచోట జరిగింది రాయబోయి కొట్టేసింది. తర్వాత "వ్యక్తిగతం" అని రాసి, కింద సంతకం పెట్టింది.