నూట పన్నెండో పేజీ

నేను ఒక పుస్తకాన్ని. కాబూలు వైపు రోడ్లు వేయడానికి వెళ్ళిన ఒక తెలుగు ఇంజనీరు, పఠాన్ల ఇళ్ళలో తిన్న రొట్టెలూ పొందిన మర్యాదలూ మరిచిపోలేక తిరిగొచ్చాక నన్ను రాశాడు. విజయవాడలో ఒక చిన్న ప్రెస్సులో అచ్చయ్యాను. నాలో ఉన్నదంతా నిజమేనని నేను మనసారా నమ్మాను. అచ్చయినవాళ్ళందరికీ ఉండే జబ్బే అది.

మొదట కొన్న హెడ్మాస్టరుగారు నన్ను అద్దాల బీరువాలో పెట్టి పందొమ్మిదేళ్ళు తాళం వేశారు. వచ్చినవాళ్ళు నా వీపు చూసి, "ఎంత చదువరండీ మీరు!" అనేవారు. ఆయన కాదనేవారు కాదు. తర్వాత విశాఖపట్నంలో ఒక అద్దె పుస్తకాల షాపుకి చేరాను. నెల రోజుల్లో మనిషిని మార్చేస్తామనే పుస్తకాల పక్కన నా చోటు. వాటిని పట్టుకెళ్ళినవాళ్ళే నెల తిరిగేసరికి అలాంటిదే ఇంకోటి కావాలంటూ వచ్చేవారు. నన్ను మాత్రం ఎవరూ తాకలేదు. షాపు మూసేసే రోజున హిమజ తాకింది.

హిమజకి పెళ్ళయి రెండు నెలలు. నన్ను తెరవగానే ముక్కుకి ఆనించుకుని వాసన చూసి, తనలో తనే నవ్వుకుంది. నా జన్మలో అంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు. చదివిన ప్రతి పుస్తకంలోంచి ఒక మంచి అలవాటైనా నేర్చుకోవాలని ఆమె పట్టుదల. భర్త గడ్డం గీసుకుంటుంటే పక్కన నిలబడి నన్ను పైకి చదివేది.

"ఇది విను. 'పఠాను ఇంట్లో అడుగుపెట్టిన అతిథిని మూడు రోజుల దాకా ఎందుకొచ్చావని అడగరు. అడగడం అవమానం.' ఎంత బాగుందో కదా! ఇకనించి నేనూ అడగను."

"మా పెద్దమ్మొచ్చినప్పుడు పాటించు చూద్దాం," అన్నాడతను నురగలోంచి. "మూడు రోజులు కాదు, మూడు నెలలుంటుంది."

అది నా నూట పన్నెండో పేజీ. ఆ వాక్యం ఆమె నోటుపుస్తకంలోకి ఎక్కిన రోజు నేను గర్వంతో పొంగిపోయాను. నా గర్వం మండిపోను.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం జర్ఘూనా వచ్చింది. అఫ్గానిస్తాన్ నుంచి చదువుకోవడానికి వచ్చి, తెలుగు కూడా నేర్చుకున్న పఠాన్ల పిల్ల. యూనివర్సిటీ లైబ్రరీలో హిమజకి రెండుసార్లు కనబడితే, "మా ఇంటికి ఒకసారి రావాలి" అని హిమజే పిలిచింది. ఇంట్లో అప్పుడు హిమజ ఒక్కతే ఉంది. ఆ పిల్ల సోఫా అంచున కూర్చుని, చేతిలోని ఫైలుని సరిగ్గా టీపాయి మీదున్న నా మీద పెట్టింది.

నేనూ కాగితాన్నే. సాటి కాగితం ఏం చెబుతోందో నాకు తెలుస్తుంది. హాస్టలు ఖాళీ చేయించేశారు. ఈ ఊళ్ళో ఉండడానికి ఒక ఇంటి చిరునామా, ఆ ఇంటి యజమాని సంతకం కావాలి. ఈరోజు సాయంత్రం ఐదులోగా విదేశీయుల నమోదు ఆఫీసులో ఇవ్వకపోతే ఆమె అనుమతి ముగిసిపోతుంది, వెనక్కి పంపేస్తారు. కింద ఆమే వంకర అక్షరాలతో రాసుకుంది: "మా ఊరిలో ఆడపిల్లలకు ఇప్పుడు కాలేజీ లేదు. దయచేసి."

అప్పుడు టైము ఒకటిన్నర.

హిమజ టీ ఇచ్చింది, పకోడీలు వేసింది. "ఇంకో కప్పు తాగు."

"చాలు అక్కా." జర్ఘూనా పైకి చూసింది. "మీ మేడ మీద గది... ఖాళీగా ఉందా అక్కా?"

"ఆఁ, ఖాళీయే. గాలి భలే వస్తుంది!" అంది హిమజ. ఎందుకు అడుగుతున్నావన్న ప్రశ్న పెదాల దాకా వచ్చింది. మింగేసి, తన మర్యాదకి తనే మురిసిపోయింది.

అడుగమ్మా, అడుగు, అని నా రెండు వందల పేజీలూ అరిచాయి. అరిచి ఏం లాభం? చదివేవాళ్ళుంటే తప్ప మాకు గొంతు లేదు.

రెండున్నరకి పెళ్ళి ఆల్బం బయటికి వచ్చింది. "ఇది జీలకర్ర బెల్లం. ఇదిగో, తలంబ్రాలు. ఇక్కడ మా ఆయన కళ్ళు మూసేశాడు చూడు!" జర్ఘూనా ప్రతి ఫొటోకీ నవ్వింది. నవ్విన ప్రతిసారీ గోడ గడియారం చూసింది. ఫైలుని నా అట్ట మీద కాస్త ముందుకి జరిపేది, మళ్ళీ వెనక్కి లాక్కునేది. మూడయింది. మూడున్నరయింది. నాకు అగ్గిపుల్లంత బలముంటే ఆ పేజీని నేనే తగలబెట్టుకునేదాన్ని.

నాలుగూ పదికి హిమజ అత్తగారు అప్పలనరసమ్మ రైతుబజారు నుంచి వచ్చింది. ఇల్లు ఆమె పేరనే ఉంది. సంచీ ఇంకా దింపకుండానే,

"ఎవులీ పిల్ల? ఏటమ్మా, మొకం అలాగైపోనాది? ఏ పనిమీదొచ్చినావు?" అంది.

"అత్తయ్యా! అలా అడక్కూడదు!"

"అడక్కపోతే నాకెలాగ తెలుస్తాది?"

జర్ఘూనా లేచి నిలబడింది. ఫైలు తీసి చాపింది. హిమజ అత్తగారికి వినబడేలా పైకి చదివి తెల్లబోయింది. "అత్తయ్యా, ఐదింటికి ఆఫీసు మూసేస్తారు. వేలిముద్ర వేసేయండి చాలు!"

"సంతకమని రాసుంటే వేలిముద్రేటి? రాత్రి బడికెల్లి నేర్సుకున్నాను కదేటి!" అప్పలనరసమ్మ కళ్ళజోడు వెతికి పెట్టుకుంది. కాగితం కింద నన్నే పెట్టుకుని రాసింది. 'అ' దగ్గర ఒక ఊపిరి. 'ప్ప' దగ్గర ఇంకొకటి. ఒక్కో అక్షరం కొండెక్కినట్టు ఎక్కింది. జర్ఘూనాని వెనక ఎక్కించుకుని హిమజ స్కూటరు వీధి మలుపు తిరిగేసరికి నాలుగున్నర.

ఆ తర్వాత ఆ గదిలో ఒక ముసలావిడ, ఒక పాత పుస్తకం. ఆమె ఫ్యాను వేసుకోవడం కూడా మరిచిపోయింది. నేనేమో ఆ ఒక్క పేజీ మోయలేక మోస్తూ పడి ఉన్నాను.

ఆరింటికి ఇద్దరూ తిరిగొచ్చారు. "తీసుకున్నారు అత్తయ్యా. మేమే ఆఖరు," అని హిమజ కుర్చీలో కూలబడింది. కాసేపటికి నన్ను తెరిచి, రాసిందెవరో చెప్పి, ఆ పేజీ జర్ఘూనాకి చదివి వినిపించింది. "ఇందుకే అడగలేదు. నీకు అవమానమని."

"మీరు అడగలేదు కదా, నేను రావడం మీకు ఇష్టం లేదనుకున్నాను," అంది జర్ఘూనా. "లేచి వెళ్ళిపోదామని నాలుగుసార్లు అనుకున్నాను." తర్వాత ఆమెకి నవ్వొచ్చింది. "మూడు రోజులా! ఆ రాసినాయన పెద్ద ఇంజనీరు కదా, మావాళ్ళే భయపడి అడగలేదేమో. మా అమ్మ గుమ్మంలోనే అడిగేసేది."

'అడిగేసేది' అన్న ఆ చివరి మాట విని హిమజ తల దించుకుంది. అడగాలో వద్దో ఇంకా తెలియని నా చదువరి.

"మీ యమ్మ ఇప్పుడెక్కడుంది?" అంది అప్పలనరసమ్మ.

జర్ఘూనా నవ్వు ఆగిపోయింది. చెప్పడం మొదలుపెట్టింది. అప్పలనరసమ్మ పెట్టిన టీలు చల్లారిపోయాయి, ఎవరూ ముట్టుకోలేదు. హిమజ నన్ను మూసి పక్కన పెట్టేసింది. ఆ పిల్ల చెబుతున్నది నా రెండు వందల పేజీల్లో ఎక్కడా లేదు.