ఫ్రిజ్‌లో కళ్లజోడు

ఆమె భయమంతా ఒక్కటే. లోకం కూస్తున్న కూతలు విని విని, మొగుడు కూడా ఆ విమానం తన వల్లే కూలిందని నమ్మేస్తాడేమోనని.

అతను విమానాల మెకానిక్. కూలిన విమానానికి ముందు రోజు మరమ్మతు చేసినవాళ్లలో అతనూ ఒకడు. ఎందుకు కూలిందో అధికారులు ఇంకా తేల్చలేదు గానీ, వాళ్లుండే అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర అప్పుడే తేలిపోయింది.

"ఇంజన్లో స్పానరు మరిచిపోయుంటాడు," అంది కింది వాటా పిన్ని, చంటిదాన్ని ఎత్తుకుని దిగుతున్న ఆమె చెవిన పడేలా.

"నువ్వు చూసొచ్చావా పిన్నీ?"

"నేను చూడటం దేనికి? కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికాడని పడీపడీ నవ్వుతూ చెప్పింది నువ్వేగా."

ఆమె చంటిదాన్ని ఇంకో చంకకి మార్చుకుంది. "అక్కడలా కుదరదు. పెట్టెలో ప్రతి పనిముట్టుకీ ఒక గూడుంటుంది. ఒక్క గూడు ఖాళీగా ఉన్నా విమానాన్ని కదలనివ్వరు."

"ఇంట్లో లేని బుద్ధి అక్కడెక్కణ్ణుంచి ఊడిపడుతుందమ్మా?"

సాయంత్రానికి ఎవరో వాళ్ల కిటికీ అద్దం పగలగొట్టారు. అన్నయ్య వచ్చి తల్లీబిడ్డల్ని తీసుకెళ్లాడు. మొగుడు మాత్రం రానన్నాడు. గుమ్మంలో నిలబడి, "ఆ రోజు గూళ్లన్నీ నిండే ఉన్నాయి కదే?" అని ఆమెనే అడిగాడు.

ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. పిన్నిని అడగడానికి ఆమెకు నోరు రావడం లేదు. అటువైపు వెళ్లే పని మీలో ఎవరికైనా ఉంటే, ఆ అద్దం పగిలిన ఇంటి తలుపు కాస్త తట్టి, అతనెలా ఉన్నాడో చూసి రండి.