పాస్టరమ్మ పదిహేను పేజీలు

ఫ్రీజర్‌లో మూడో ట్రే పట్టలేదు. వెర్లీన్ నేలమీద మోకాళ్లూని, చర్చి సంఘంలో ఎవరో ఇచ్చిపోయిన జింక మాంసం పొట్లాలను అటూ ఇటూ జరిపి, చికెన్ నూడుల్స్ ట్రేని ఎలాగో ఇరికించి, దాని మీద "శుక్రవారం. పైనున్న రేకు తియ్యకుండా వేడి చెయ్యాలి" అని రాసి అంటించింది. తను ఊళ్లో ఉండనిది మూడు రోజులే. ఆ మూడు రోజులూ భర్త వెండెల్ తినాలి, పక్క వీధిలో ఉన్న అత్తగారు తినాలి, శనివారం సంఘంలో అంత్యక్రియలు ఉన్నాయి కాబట్టి పోయినవాళ్ల బంధువులందరూ తినాలి. ఇంత వండిపెట్టాక ఇక ప్రయాణం చేసే ఓపిక ఎక్కడిదని ఎవరూ అడగలేదు. తనను తనూ అడగలేదు.

వెండెల్ కాఫీ కప్పుతో వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. మంచివాడే. చెయ్యెత్తిన మనిషి కాదు, గట్టిగా అరిచిన మనిషి కాదు. ఊరంతా తమ పాస్టరని ఆయన్ని ప్రేమిస్తుంది. అదే ఇబ్బంది, అలాంటి మనిషి మీద అలసట వచ్చిందని ఎవరితో చెప్పుకుంటుంది?

"రచయితల సదస్సుకే కదా వెళ్లేది, అక్కడ కూర్చుని రాసుకోడానికి బోలెడంత తీరిక దొరుకుతుంది. ఆదివారం ప్రసంగం అక్కడి నుంచే పంపెయ్," అన్నాడు. "గ్లెండా కనబడితే కాస్త బాగా మాట్లాడు. నా రెండో పుస్తకం వెయ్యడం ఆవిడ చేతిలోనే ఉంది."

సరేనంది. సరేననడం ఆమెకు ఊపిరి తీసుకోవడమంత అలవాటు.

క్రైస్తవ రచయితల సదస్సు ఏటా వసంతంలో ఆర్కన్సా కొండల్లో జరుగుతుంది. మిజోరీలోని వాళ్ల ఊరి నుంచి కారులో సగం రోజు ప్రయాణం. అక్కడికొచ్చే సంపాదకులకు ముందుగా పదిహేను పేజీలు పంపుకుంటే, చదివి, తప్పొప్పులు గుర్తుపెట్టి, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడతారు. ఫీజు కట్టాలి. వెర్లీన్ ఆ ఫీజు పియానో పాఠాలు చెప్పిన డబ్బులోంచి కట్టింది. పంపింది తన నవల మొదటి పదిహేను పేజీలు. ఈ సంగతి తెలిసినప్పుడు అత్తగారు ఇమోజీన్, భోజనాల బల్ల దగ్గర రొట్టెకు వెన్న రాసుకుంటూ, "వాడు పుస్తకం రాశాడని నువ్వూ మొదలుపెట్టావా?" అంది. వెండెల్ నవ్వి, "రాసుకోనీ అమ్మా, దానికీ ఏదో ఒక కాలక్షేపం ఉండాలిగా," అన్నాడు. ఆమె పక్షాన మాట్లాడానని అనుకున్నాడు పాపం. కారు నడుపుతున్నంతసేపూ వెర్లీన్‌కు ఆ కాలక్షేపం అన్న మాటే చెవిలో ఈగలా తిరిగింది.

అసలు కథ ఎక్కడ మొదలైందంటే, పెళ్లైన కొత్తలో, వెండెల్‌కు మొదటి సంఘం ఇచ్చిన ఏడాది. ఒక శనివారం సాయంత్రం వరకూ ఆయన మర్నాటి ప్రసంగం రాయడానికి కాగితం ముందు కూర్చున్నాడు, ఒక్క వాక్యం రాలేదు. ఈ ఒక్కసారికి నువ్వు కాస్త సర్దిపెట్టు అన్నాడు. వెర్లీన్ సర్దింది. మర్నాడు ఆయన చదువుతుంటే ముందు వరసలో ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. వాళ్లతో పాటు ఆమె కూడా తుడుచుకుంది, ఆనందంతో. ఆ తరువాత ప్రతి శనివారమూ 'ఈ ఒక్కసారే' అయింది. ఆయన ఒక బైబిలు వచనమూ, మహా అయితే పది మాటలూ చెప్పేవాడు. తక్కినదంతా ఆమె ఉతికే బట్టల దగ్గరా, చిన్నపిల్లల తరగతి దగ్గరా, సాయమడుగుతూ వచ్చేవాళ్ల కోసం తలుపు తీస్తూ వేస్తూ పోగు చేసుకొచ్చేది. కొన్నేళ్లకు ఆయన ఆ ప్రసంగాలు తనవేనని నిజంగానే నమ్మడం మొదలుపెట్టాడు. "నేను చెప్పేదే కదా నువ్వు కాగితం మీద పెడుతున్నావు," అన్నాడు ఒకసారి, ఏమాత్రం కపటం లేకుండా. అబద్ధమాడేవాడితోనైతే పోట్లాడవచ్చు. నమ్మేసినవాడితో ఏం పోట్లాడుతుంది?

ఆ ప్రసంగాల్లోంచి ఏరి కూర్చిందే 'తడి చేతులు' పుస్తకం. చావు భోజనాలయ్యాక సంఘం వంటింట్లో గిన్నెలు తోమే చేతుల గురించి, ఏ ట్రే ఎవరిదో తెలియక చివరికి మిగిలిపోయే ట్రేల గురించి, కన్నీళ్లొస్తే సబ్బు చేత్తో తుడుచుకోలేక మోచేత్తో తుడుచుకునే ఆడవాళ్ల గురించి. అట్ట మీద వెండెల్ ఫోటో. మొదటి పేజీలో, "నా మాటలను ఓపికగా టైపు చేసిన నా భార్యకు" అని అంకితం. ఆ వాక్యాన్ని కూడా ఆమే టైపు చేసింది.

సదస్సులో మొదటి పూట గ్లెండా ప్రూయిట్ వేదిక మీద నుంచి అందర్నీ నవ్వించింది. పొట్టిగా, గట్టిగా, మెడలో కళ్లద్దాల గొలుసుతో ఉండే మనిషి. 'తడి చేతులు' అచ్చువేసిన సంస్థలో ఆవిడే సంపాదకురాలు. "నా పుస్తకం దేవుడే చెప్పి రాయించాడని దయచేసి ఎవరూ నాతో అనొద్దు. ఆయన చెప్పి రాయిస్తే ఇన్ని తప్పులుండవు," అంది. హాలంతా గొల్లుమంది. వెర్లీన్ కూడా నవ్వింది. చాలా రోజులైంది అలా నవ్వి.

కానీ భోజనాల దగ్గర దొరికిపోయింది. మెడలో వేలాడే పేరు చూసి ఒకావిడ, మీరు ఆ పాస్టర్ గారి భార్యా అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. మరో ఇద్దరు చేరారు. పుస్తకాన్ని పడకపక్కన పెట్టుకుంటామన్నారు. మగవాడై ఉండి మోచేత్తో కళ్లు తుడుచుకోవడం ఎలా గమనించాడమ్మా ఆయన, మా ఆయనకైతే నేను ఏడుస్తున్న సంగతే తెలియదు, మీరు పెట్టి పుట్టారు పాస్టరమ్మ గారూ అన్నారు. వెర్లీన్ అవునంది. ఈ మెచ్చుకోళ్లు తనవే. అయినా వాటిని ఆయన కోటు జేబులో వేసి, ఇంటికి మోసుకెళ్లి అప్పగించాలి. ఎంగిలి గిన్నెలు మోయడం కన్నా ఇదే బరువుగా ఉంది ఆమెకు.

మర్నాడు ఆమె వంతు వచ్చింది. పాత జిమ్ హాల్లో చిన్న చిన్న బల్లలు వేసి, బల్లకొక సంపాదకుణ్ణి కూర్చోబెట్టారు. పావుగంటకొకసారి గంట కొడతారు, లేచి తరువాతివాళ్లకు చోటివ్వాలి. గ్లెండా బల్ల మీద వెర్లీన్ పదిహేను పేజీలూ ఉన్నాయి. వాటినిండా పచ్చ పెన్సిల్ గుర్తులు. ఎన్ని గుర్తులో! అంటే చదివారు. తను రాసిన దాన్ని వెర్లీన్ రాసిందేననుకుని ఒక మనిషి కూర్చుని చదవడం ఇదే మొదటిసారి.

"మీరు బాగా రాస్తారు వెర్లీన్ గారూ," అంది గ్లెండా. "అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నాను. ఇది మీ గొంతు కాదు."

వెర్లీన్‌కు అర్థం కాలేదు. గ్లెండా కళ్లద్దాలు పెట్టుకుని ఒక పేరా చదివి వినిపించింది. నవలలోని విధవరాలు, భర్త సమాధి కార్యక్రమమయ్యాక, ఓదార్చడానికి వచ్చినవాళ్ల ట్రేలు తోమి తిరిగివ్వడానికి వరసగా పేర్చుకునే చోటు అది. చదివి, పేజీ కింద పెట్టింది. ఇది అచ్చంగా పాస్టర్ గారి ఊపిరి అంది. ఆ ఆగడం, ఆ చిన్న వస్తువు దగ్గర నిలబడిపోవడం, అన్నీ ఆయనవే అంది. అంత బలమైన రచయిత పక్కన ఇన్నేళ్లు బతికితే ఎవరికైనా అలాగే అబ్బుతుందనీ, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదనీ, కానీ అచ్చువేసేవాడు మాత్రం దీన్ని అనుకరణ అనే అంటాడనీ ఎంతో నెమ్మదిగా, నొప్పి తెలియకుండా చెప్పింది.

వెర్లీన్ తన చేతుల కేసి చూసుకుంది. కోపం రావాలి, రాలేదు. వచ్చింది నిస్సత్తువ. తన ఇంట్లో తనే దొంగలా దొరికిపోయినట్టుంది. చెప్పనా? చెబితే ఏం మిగులుతుంది? పాస్టరు ఉంటున్న ఇల్లు సంఘానిది. ఆయన బోధ ఆయనది కాదని తెలిస్తే నెల తిరక్కుండా సామాన్లు సర్దుకోమంటారు. ఇమోజీన్ మళ్లీ బజార్లో తలెత్తుకుని తిరగదు. పడకపక్కన పుస్తకం పెట్టుకున్న ఆ ఆడవాళ్లు ఏమైపోతారు? చెప్పకపోతే? చెప్పకపోతే ఈ నవల ఇక్కడితో సరి. ఇంకొకటి రాసినా ఇదే మాట అంటారు. తనకున్నది ఒక్కటే గొంతు, దాన్ని ఇచ్చేసింది. ఇక బతికినంతకాలం తన భర్తను అనుకరించే ఆడదానిగా బతకాలి. ఇన్నేళ్లూ ఓర్చుకున్నదాన్ని ఇదీ ఓర్చుకోలేనా అనుకుంది. అనుకుని, మీరు చెప్పింది నిజమేనేమో, ఆలోచిస్తానండీ అనేసింది కూడా.

గ్లెండాకు ఒక అలవాటు ఉంది. గంట కొట్టే ముందు ఎదుటివాళ్ల చేతులు పట్టుకుని ప్రార్థన చేస్తుంది. ఎంత కటువుగా తప్పులు పట్టినా ఆ ప్రార్థనతో ఊరడించి పంపుతుందని పేరు. చేతులు చాపింది. వెర్లీన్ తన చేతులందించి కళ్లు మూసుకుంది.

"ప్రభువా, పాస్టర్ వెండెల్ గారికి నువ్విచ్చిన ఈ గొప్ప వరం కోసం నీకు వందనాలు. ఆ వరాన్ని దగ్గరుండి చూసే ధన్యత ఈ సహోదరికి ఇచ్చావు. ఆమెకు కూడా తనదంటూ ఒక చిన్న స్వరం దయచెయ్యి తండ్రీ," అంది గ్లెండా. చివర్లో ఆమెన్ అని ఆగింది.

ఇప్పుడు వెర్లీన్ ఆమెన్ అనాలి. పసితనం నుంచీ ఎవరు ప్రార్థన చేసినా అంది. నిద్రలో కూడా అనగలదు. పెదాలు కదిలాయి కూడా. కానీ ఆ మాటకు అలాగే జరుగుగాక అని అర్థం. మనిషి ముందు ఎన్ని సార్లు సరేనన్నా అది వేరు, వీళ్లకు తెలియదులే అని సర్దుకుంది. ఎవరి వరం ఎవరిదో తెలిసిన దేవుడి ముందు, ఆయన మొహం మీదనే, నా వరం నా భర్తదే, నాకో చిన్నది పారెయ్యి అని ఎలా అంటుంది? పక్క బల్లల దగ్గర మాటలు వినబడుతున్నాయి. గ్లెండా వేళ్లు ఆమె వేళ్లను మెల్లగా నొక్కాయి, గుర్తుచేస్తున్నట్టు. వెర్లీన్ కళ్లు తెరిచింది.

"ఈ ప్రార్థనకు నేను ఆమెన్ అనలేనండీ," అంది. గొంతు అలసటగా ఉంది. "'తడి చేతులు' నేను రాశాను. ఆ ప్రసంగాలన్నీ నేనే రాశాను. ఆయన సంఘం వంటింట్లో ఎప్పుడూ గిన్నె తోమలేదు."

గ్లెండా కూడా కళ్లు తెరిచింది. చేతులు మాత్రం వదల్లేదు. ఆ పుస్తకం కోసం తను వెండెల్‌తో ఫోన్లో ఎన్నిసార్లు మాట్లాడిందో, ఏ వాక్యం గురించి అడిగినా ఆయన, రేపు చెప్తానండీ అని ఎందుకు అనేవాడో, ఆ మర్నాడు జవాబు అంత చక్కగా ఎలా వచ్చేదో ఇప్పుడు ఒక్కొక్కటే అర్థమవుతున్నట్టు ఆవిడ మొహం మారుతూ వచ్చింది.

"ఇది బయటికొస్తే మీ ఇద్దరికీ ఏమవుతుందో ఆలోచించారా?" అంది.

"ఆలోచించడం తప్ప ఇన్నేళ్లూ ఇంకేం చేశానండీ. నేను ఊరంతా చాటను. కానీ ఈ పేజీలు మళ్లీ చదవండి, ఈసారి నావి అనుకుని చదవండి."

గ్లెండా పేజీలను తన వైపుకు లాక్కుంది. అప్పుడే గంట కొట్టారు. తరువాతి మనిషి తన రాతప్రతి ఉన్న అట్టపెట్టెను గుండెకు హత్తుకుని వచ్చి నిలబడ్డాడు. గ్లెండా అతన్ని కాసేపు ఆగమని, ముందుకు వంగి గొంతు తగ్గించింది.

"రెండో పుస్తకానికి పాస్టర్ గారితో ఒప్పందం సోమవారం పంపాలి. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఏం చెయ్యమంటారు? ఆపెయ్యనా?"

వెర్లీన్ కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"ఆపొద్దండీ, పంపించండి," అంది. "ఈసారి ఆయన్నే రాయనివ్వండి."