పేజీకి ఇద్దరు

అప్పలలక్ష్మిని మా కళ్ల ముందే కుర్చీలోంచి లేపి పంపేశారు. మధ్యాహ్నం రెండు గంటలు, షిఫ్టు మారే వేళ. పొద్దుటి వాళ్లు ఇరవై మంది లేస్తున్నారు, మేం ఇరవై మందిమి అవే కంప్యూటర్ల ముందు కూర్చోబోతున్నాం. మేనేజరు హరికిషన్ ఒక కాగితం పట్టుకొచ్చి అందరికీ వినబడేట్టు చదివాడు.

"పేజీ నూట పద్నాలుగు. పదకొండు మిస్‌మ్యాచ్‌లు. లక్ష్మీ, రేపట్నుంచి నువ్వు రావొద్దు. గేట్ పాస్ ఇచ్చెయ్."

"నాను తప్పు కొట్టలేదు సారూ. రిజిస్టర్ల ఏటుందో అదే కొట్టినాను."

"చార్టు ప్రకారం కొట్టమన్నామా లేదా? నీ తర్వాత కొట్టిన అమ్మాయి కరెక్టుగా కొట్టింది. తప్పు నీదని సిస్టమే చెప్తున్నది, నేను కాదు."

నీ తర్వాత కొట్టిన అమ్మాయి అంటే నేను. ఆమె పక్కనే నిలబడి ఉన్నాను, చేతిలో టిఫిన్ డబ్బాతో.

నా పేరు కల్పలత. మాది మెట్టుగూడ. కంప్యూటరు నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చదవాలని ఇది రాస్తున్నాను. అది రెండువేల మూడు. హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్నాయని పేపర్లు మురిసిపోతున్న రోజులు. సికింద్రాబాదులో ఒక బట్టల దుకాణం పైన, మూడో అంతస్తులో, కిటికీలు మూసిన హాల్లో కూర్చుని మేమూ ఐటీ వాళ్లమే అనుకునేవాళ్లం. పాత రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కించడం మా పని. ప్రతి పేజీనీ పొద్దున ఒకరు కొడతారు, మధ్యాహ్నం ఇంకొకరు కొడతారు. ఒకరు కొట్టింది ఇంకొకరికి కనబడదు. రెండూ కలవకపోతే కంప్యూటరు పట్టేస్తుంది. పనివాళ్ల మీద పనివాళ్లనే కాపలా పెట్టి, దానికి క్వాలిటీ అని పేరు పెట్టుకున్నారు.

అప్పుడు మా బల్లల మీద ఉన్నవి నూకలపాలెం రేవు రిజిస్టర్లు. ఉత్తరాంధ్రలో సముద్రం ఒడ్డున ఉండే జాలరి ఊరది. రేవులో అంకెలు గీసిన పొడుగాటి కొలత బద్ద ఒకటి పాతి ఉంటుంది. పోటుకు నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో, ఆటుకు ఎంత దిగాయో ఒక జాలరి ముప్పై ఏళ్లపాటు రోజూ చూసి రాశాడు. ఆ అంకెలు సైంటిస్టులకు వెళతాయి. సముద్రం వేడెక్కి ఉబ్బుతోందట. అన్ని ఒడ్లలోనూ ఒకేలా పెరగదట. రాబోయే ముప్పై ఏళ్లలో నూకలపాలెం మీదికి అలలు ఎంతదాకా వస్తాయో చెప్పాలంటే నూకలపాలెంలో నిలబడి కొలిచినవాడి అంకెలే కావాలి. ఆ అంకెలు ఎక్కించే కాంట్రాక్టు మాత్రం అక్కడ కొత్త హార్బరు కట్టబోతున్న కంపెనీ చేతిలో ఉంది. ఆ కంపెనీ మా కంపెనీకి ఇచ్చింది.

ఆ సోమవారమే హరికిషన్ మాకు చార్టు పంచాడు. బద్ద కుంగిపోయిందనీ, అందుకే నీళ్లు ఎక్కువగా కనబడ్డాయనీ, కాబట్టి ఎనభై ఎనిమిదో సంవత్సరం తర్వాత ప్రతి పోటులోనూ పద్దెనిమిది సెంటీమీటర్లు తీసేసి కొట్టాలనీ చెప్పాడు. నేను తీసేసి కొట్టాను. ఎందుకని అడగలేదు. అంకెలు కొట్టేవాళ్లం చదవం, కొడతామంతే. అలా ఉండటమే గొప్ప స్పీడని నాకు అప్పట్లో గర్వంగా కూడా ఉండేది.

మెట్ల మీద అప్పలలక్ష్మిని ఆపాను. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"నా కడుపు కొట్టినావు, పర్లేదప్పా. మా ఊరి కడుపు కొట్టినావు. తెలుసేటి నీకు?"

ఆమెది ఆ నూకలపాలెమే. వాళ్ల ఊళ్లో అక్కను అప్ప అంటారు. అంత కోపంలోనూ ఆ పిలుపు వదల్లేదు.

"నాకెట్ల తెలుస్తది లక్ష్మీ? చార్టు ఇచ్చిన్రు, కొట్టిన."

"రిమార్కుల గడి సదివినావా?"

రిజిస్టరులో అంకెల పక్కన చివరి గడి అది. దాన్ని కొట్టొద్దు, దాటేయమని మొదటి రోజే చెప్పారు. సాయంత్రం నా బల్ల మీద నూట పద్నాలుగో పేజీ తీసి మొదటిసారి చదివాను. వంకరటింకర తెలుగు అక్షరాలు. "పోటు రెండు పాయింటు ఒకటి నాలుగు. ఐసు గిడ్డంగి గుమ్మం తాకింది. నా ఇల్లు పోయింది. రీడింగు తీసితిని."

ఇల్లు పోయిన రోజు కూడా ఆ మనిషి పడవ మీద బద్ద దగ్గరికి వెళ్లి అంకె చూసి వచ్చాడు. దాన్ని నేను రెండు సెకన్లలో ఒకటి పాయింటు తొమ్మిది ఆరు చేసేశాను. నామీద నాకే అసహ్యం వేసింది.

ఇంకా తిరగేశాను. తొంభై ఒకటో సంవత్సరంలో ఒక రిమార్కు. "సర్వే వారు వచ్చి బద్దను కొండరాతి గుర్తుతో సరిచూసినారు. కుంగలేదు అన్నారు." కొండరాయి కదలదు కాబట్టి దాని మీది గుర్తుతో కలిసిందంటే బద్ద కుంగనట్టే. కింద సర్వే ఆఫీసరు సంతకం, ముద్ర. హరికిషన్ చార్టు పచ్చి అబద్ధమని అక్కడే రాసి ఉంది. ఆ గడి ఎందుకు దాటేయమన్నారో అర్థమైంది.

ఆ రిజిస్టరును టిఫిన్ సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది నేనే. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆదివారం పొద్దున బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో, బేరాలు అయిపోయి ఖాళీ అయిన ఒక షెడ్డులో కలిశాం. అప్పలలక్ష్మి కాక, రెండు షిఫ్టుల వాళ్లం ముప్పై ఎనిమిది మందిమి వచ్చాం. క్యాబేజీ ఆకులు పక్కకు తోసి నేల మీదే కూర్చున్నాం. అప్పలలక్ష్మి లేచి నిలబడింది.

"మా ఊర్ల మూడు వీధులు సముద్రంల ఉన్నాయి. సముద్రం ఒచ్చీసింది, వేరే సోట సోటియ్యండి అని అడుగుతుంటే ఏటంటున్నారో తెలుసా? సముద్రం రాలేదంట, మేమే ముందుకెళ్లి ఒడ్డు ఆక్రమించినామంట! ఈ దొంగ అంకెలు సైంటిస్టులకి ఎల్లితే కంప్యూటరూ అదే సెప్తాది. హార్బరు గోడ లేస్తాది, మమ్మల్ని ఊరికే తోసీస్తారు."

బ్రహ్మచారి గొంతు సవరించుకున్నాడు. అల్వాల్ మనిషి, మా అందరికన్నా పెద్దవాడు. ఇదివరకు కోర్టు బయట ఫుట్‌పాత్ మీద టైపు మిషను పెట్టుకుని అఫిడవిట్లు కొట్టేవాడు.

"అంతా మంచిగనే ఉంది. నాకిద్దరు ఆడపిల్లలు. నౌకరి పోతే ఇల్లెట్ల నడుస్తది? మీరు జోష్ మీదున్నరు. రేపు పరేషాన్ అయితే ఎవడొస్తడు?"

"పిరికి మాటలు మాట్లాడకు!" అని ఎవరో అరిచారు.

"పిరికోన్నే. పిరికోడు సుత అడుగొచ్చు కద?"

అప్పుడు దేముడుబాబు లేచాడు. మా టీం లీడరు. నూకలపాలెం పిల్లల్ని ఒక్కొక్కరినీ రైలెక్కించి సికింద్రాబాదు తెచ్చి పనిలో పెట్టినవాడు. ఆ రిజిస్టర్లు రాసింది ఆయన తండ్రే. మేమంతా అన్న అనే పిలిచేవాళ్లం.

"మాయయ్య సేతిరాత ఇది," అని రిజిస్టరును గుండెకు ఆనించుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ముప్పై ఏళ్లు ఎండా వానా సూడకుండా రాసినాడు. దీన్ని అబద్ధం సెయ్యనిస్తానేటి? ఇనండి. పొద్దున షిఫ్టూ, మద్దేనం షిఫ్టూ ఒకటే కొడితే కంప్యూటరు ఏటి పట్టుకుంటాది? ఉన్నది ఉన్నట్టు కొట్టండి, రిమార్కులు కూడా కొట్టండి. ఈ రిజిస్టరు నా కాడుంచండి. సైంటిస్టులకి నానే సూపిస్తాను."

చప్పట్లతో షెడ్డు మోగింది. నేనూ కొట్టాను. రిజిస్టరు ఆయన చేతుల్లో పెట్టింది కూడా నేనే. బ్రహ్మచారి ఒక్కడే, "రెండు కాపీలు తీపిస్తే బాగుంటుండె," అని గొణిగాడు. తండ్రి రాతను కొడుకు దగ్గర పెట్టడానికి కాపీలెందుకని అందరం నవ్వాం.

ఆ సాయంత్రం దేముడుబాబు దాన్ని మళ్లీ నా సంచీలోనే పెట్టి, హాల్లో కొట్టడం కాగానే తీసుకుంటానన్నాడు. సోమవారం నుంచి రెండు షిఫ్టులూ ఒకే మాట కొట్టాయి. మొదటిసారి మేం కొట్టేది చదువుతూ కొట్టాం. "వలలు ఆరబెట్టు ఇసుక లేదు." "ఈ దినము బావిలో ఉప్పునీరు." తెలుగు మాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లో కొడుతూ పెదాలు కదిలిస్తుంటే హాలంతా బడిలా ఉంది. అప్పలలక్ష్మి కుర్చీలో దేముడుబాబే కూర్చుని ఆమె పేజీలు కొట్టాడు. నూట పద్నాలుగో పేజీ మాత్రం నేను కొట్టిన అబద్ధంతోనే అప్పటికే ఫైలైపోయింది, దాన్ని మళ్లీ ఇవ్వలేదు. బుధవారం హరికిషన్ రిపోర్టు చూసి, "జీరో ఎర్రర్! వెరీ గుడ్ టీం!" అని అందరికీ సమోసాలు తెప్పించాడు. తిని మూతి తుడుచుకున్నాం. బుధవారం సాయంత్రమే దేముడుబాబు రిజిస్టరు తీసుకున్నాడు.

గురువారం షిఫ్టు మారే వేళకు హాల్లోకి పోలీసులు వచ్చారు. ముందు హరికిషన్, వెనక దేముడుబాబు. దేముడుబాబు కొత్త చొక్కా వేసుకున్నాడు. చేతిలో కాగితం ఉంది, చదవమన్నారు. తల ఎత్తకుండా చదివాడు.

"బద్ద కుంగిపోయిన సంగతి మా తండ్రి గారు నాతో స్వయంగా చెప్పియున్నారు. కంటిచూపు తగ్గినందున రీడింగులు తప్పుగా వ్రాసియున్నారు. సదరు రిజిస్టరును అప్పలలక్ష్మి దొంగిలించి పాడుచేసినది."

రిజిస్టరు కంపెనీ చేతికి పోయిందని అర్థమైంది. నేను అందర్నీ తోసుకుని ముందుకు వచ్చాను.

"అన్నా, రిజిస్టరు నీకిచ్చినం కద! అందరి ముందట ఇచ్చినం కద!" అని అరిచాను.

"నాను బతకొద్దేటి కల్పలతా?" అన్నాడు మెల్లిగా. "మాయమ్మకి హార్బరు కాలనీల పక్కా ఇల్లు ఇస్తామన్నారు. ఆ ఊరెలాగూ మునిగిపోతాది. ఒక్కిల్లైనా మిగలొద్దేటి?"

"మీ అయ్య గుడ్డోడు అని రాసిచ్చి ఇల్లు తెచ్చుకుంటవా?"

దేముడుబాబు కాగితం మడిచి హరికిషన్‌కు ఇచ్చాడు. హరికిషన్ గొంతు పెంచాడు. మూడు రోజుల డేటా డిలీట్ చేయించాననీ, చార్టు ప్రకారం మళ్లీ కొట్టాలనీ, ఇష్టం లేనివాళ్లు వెళ్లొచ్చనీ అన్నాడు. అప్పలలక్ష్మిని పొద్దున్నే ఆమె గదిలోంచి తీసుకుపోయారని అప్పుడే తెలిసింది. రిజిస్టరు తీసుకెళ్లింది నేను. పట్టుకున్నది ఆమెను. నన్ను పట్టుకుంటే పని ఆగుతుంది. గెంటేసినదాన్ని, అందులోనూ జాలరిపిల్లను పట్టుకుంటే ఎవడికీ నష్టం లేదు.

దేముడుబాబు మీద కోపం నాకు ఈ రోజుకీ చల్లారలేదు. కానీ అంతకన్నా పెద్ద తప్పు మాది. పేజీకి ఇద్దరిని పెట్టాలన్న తెలివి కంపెనీకి ఉంది. సాక్ష్యాన్ని ఒక్కడి చేతిలో పెట్టకూడదన్న తెలివి మాకు లేకపోయింది.

కొట్టమన్న తర్వాత హాల్లో ఒక్క కీ చప్పుడు కాలేదు. ముందు లేచింది ఎవరనుకుంటున్నారు? బ్రహ్మచారి. టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని, "పోదాం పాండ్రి," అన్నాడు.

"ఏడికి?" అంది పొద్దుటి షిఫ్టులో కొట్టే పుష్పమ్మ.

"స్టేషన్‌కు. రిజిస్టర్ పోతే ఏమైంది? ఒక్కో పేజీ ఇద్దరిద్దరు కొట్టిన్రు. ఒక్కో పేజీకి ఇద్దరు సాక్షులున్నరు. కోర్టుకు గంతకంటె ఏం కావాలె?"

"నీ ఇద్దరాడపిల్లలు?" అన్నాను నేను.

"ఆళ్లకు గీ కథ చెప్పాలె కద," అన్నాడు.

పోలీస్ స్టేషన్ ఎదుటి చెట్టు కింద ఒక పాత స్నేహితుడి టైపు మిషను అడిగి తెచ్చుకున్నాడు. మూడు కార్బన్ పేపర్లు పెట్టి నాలుగు కాపీలు. ఒకటి సైంటిస్టులకు, ఒకటి నూకలపాలేనికి, ఒకటి పేపరుకు, ఒకటి మాకు. మేం ఇద్దరిద్దరుగా వరుస కట్టాం. అంకెలన్నీ ఎవరికి గుర్తుంటాయి? గుర్తున్నవే చెప్పాం. చదివి కొట్టినవి కాబట్టి రిమార్కులు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు.

"సర్వే వారు వచ్చి బద్దను కొండరాతి గుర్తుతో సరిచూసినారు. కుంగలేదు అన్నారు." పొద్దుటి షిఫ్టు పుష్పమ్మ చెప్పింది. "మధ్యాహ్నం నేనే," అని బ్రహ్మచారి తన పేరు తనే కొట్టుకుని సంతకం పెట్టాడు. అలా ఒక్కో జంటా ముందుకు వచ్చింది. దేముడుబాబుతో కలిసి పేజీలు కొట్టినవాళ్లు మాత్రం ఒంటరిగా వచ్చారు. ఆ ఖాళీల్లో బ్రహ్మచారి, "రెండవ వ్యక్తి అమ్ముడుపోయినాడు," అని కొట్టాడు. రోడ్డు మీద జనం ఆగారు, ఆటోవాళ్లు ఆగారు. కాలేజీ పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని వినసాగారు. ఎస్సై బయటికి వచ్చి, "ఏందీ తమాషా? నడువుండ్రి!" అని లాఠీ ఊపాడు. ఎవరూ కదల్లేదు. ముప్పై ఎనిమిది మందిని ఒకేసారి లోపల పెట్టేంత చోటు ఆ స్టేషన్లో లేదు.

చివర్లో నేను మిగిలాను, ఒక్కదాన్నే.

"పేజీ?" అన్నాడు బ్రహ్మచారి.

"నూట పద్నాలుగు. మొదట నేను అబద్ధం కొట్టిన. రిజిస్టర్ బయటికి తెచ్చింది సుత నేనే, లక్ష్మి కాదు. గది సుత రాయి."

"రెండో సాక్షి లేంది ఎట్ల?"

స్టేషన్ కిటికీ చువ్వల వెనక నుంచి గొంతు వినబడింది. ఎప్పటి నుంచి వింటోందో.

"ఉన్నాను! రెండు పాయింటు ఒకటి నాలుగు!"

నేను లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

"రెండు పాయింటు ఒకటి నాలుగు!"

"నా ఇల్లు పోయింది," అంది అప్పలలక్ష్మి.

"నా ఇల్లు పోయింది," అన్నాను.

ఆ తర్వాతి మాట ఇద్దరం కలిసి అన్నాం. మా వెనక ముప్పై ఏడు గొంతులు, వాళ్ల వెనక పేర్లు తెలియని కాలేజీ పిల్లల గొంతులు కూడా కలిశాయి.

"రీడింగు తీసితిని!"

బ్రహ్మచారి కాగితం మిషన్లోంచి లాగి, చివరి గడి మీద వేలు పెట్టి నాకు చూపించాడు.

"కలిసింది," అన్నాడు. "సంతకం పెట్టు."