పల్నాడు పత్తిగింజలు

వినీల పాలకేంద్రం కార్యదర్శి అయి ఇంకా ఏడాది నిండలేదు. నిడదవోలు దగ్గరి ఆ ఊళ్ళో అంతకుముందు ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చోలేదు. అందుకని ఆవిడ ఏం చేసినా ఊరు భూతద్దం పెట్టి చూస్తోంది. ఇప్పుడేమో గేదెలకి ఈ ఏటి పత్తిగింజలు ఎక్కణ్ణుంచి తెప్పించాలో తేల్చాలి. గింజలు నానబెట్టి, రుబ్బి, తవుడులో కలిపి పెడితేనే పాలలో వెన్న నిలుస్తుంది. నడిమధ్యలో గింజలు అందకపోయాయో, వెన్న పడిపోతుంది, పాలు పోసే ఆడవాళ్ళు దులిపేస్తారు, కుర్చీ కాస్తా ఎగిరిపోతుంది.

డెల్టాలో పత్తి వెయ్యరు కదా. పల్నాడులో రైతులంతా కలిసి నడుపుకునే, పత్తిలోంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లు నుంచే ఎప్పుడూ గింజలు వచ్చేవి. పాలకేంద్రం అధ్యక్షుడు సత్తిరాజుగారికి ఆ మిల్లంటే వల్లమాలిన అభిమానం. ఎందుకండీ అంటే "వాళ్ళని వదలకూడదమ్మా" అంటాడు తప్ప మరో ముక్క చెప్పడు. పెద్దాయన అన్నాడంటే అయిపోయింది, ఇంక బుర్రలతో పనేముంది! వినీలకి ఒళ్ళు మండిపోయేది.

అందుకే పట్టుబట్టి కూర్చుంది. గుజరాత్‌లో, ఆదిలాబాద్‌లో, పల్నాడులో పదేళ్ళుగా ఎంత పత్తి పండిందో వెబ్‌సైట్లన్నీ గాలించి, దాన్నిబట్టి గింజలెంత వచ్చి ఉంటాయో కట్టింది. పెద్ద చార్టు మీద మూడు రంగుల్లో మూడు గీతలు గీసింది. గుజరాత్ గీత అన్నిటికన్నా ఎత్తున ఉంది. ఆదిలాబాద్‌ది కొంచెం కిందుగా, నిలకడగా సాగింది. పల్నాడుది మాత్రం ఒక ఏడు ఎక్కితే రెండేళ్ళు దిగింది. ఇంత కుదురులేని సేద్యం ఏంటో అనుకుంది వినీల. కాలవ కింద పుట్టిన మనిషి. సార్వా, దాళ్వా రెండు పంటలూ ఠంచనుగా ఇంటికొచ్చే చోట పెరిగింది. వాన కోసం ఆకాశంకేసి చూసే చేను ఎలా ఉంటుందో ఆవిడకే కాదు, ఆ ఊళ్ళో చాలామందికి తెలీదు.

ఆదివారం చర్చి అయ్యాక పాలకేంద్రం వరండాలో అందరూ చేరారు. వినీల చార్టు గోడకి అంటించి గొంతు సవరించుకుంది.

"గుజరాత్ దూరం కాబట్టి వదిలేద్దామండి. ఆదిలాబాద్ చూడండి, ఏటా ఒకేలా ఉంది. ఈ ఎర్రగీత పల్నాడు. గింజలు ఎప్పుడు ఉంటాయో, ఎప్పుడు ఉండవో వాళ్ళకే తెలీదు. అలాంటి మిల్లుని నమ్ముకుని మన గేదెల్ని పస్తు పెడదామా?"

ఆడవాళ్ళు తలలూపారు. సత్తిరాజుగారు నేలచూపులు చూస్తున్నాడు. ఇంక చేతులెత్తడమే తరువాయి.

ముందు వరసలో కూర్చున్న పాపాయమ్మ చార్టుకేసి కళ్ళు చికిలించింది. "అక్కడేంటమ్మా, ఎర్రగీత అట్టా అడుక్కంటా పడిపోయింది? ఏ యేడది?"

"అదా? అది మనకి..." వినీల వంగి చూసి ఆగిపోయింది. "ఎర్రకాలువ పొంగింది కదండీ. ఆ వరదకి ముందు వాళ్ళ పంట."

ఆ వరదని మరిచినవాళ్ళు అక్కడ లేరు. గడ్డిమేట్లన్నీ కొట్టుకుపోయాయి. గేదెలు రోడ్డు గట్టు మీద తడుస్తూ ఖాళీ కడుపులతో నిలబడ్డాయి. వినీల చూలుగేదె మోకాళ్ళ మీద కూలబడితే ఆవిడ దాని మెడ పట్టుకుని ఏడ్చింది. అప్పుడు పల్నాడు మిల్లు నుంచి లారీనిండా పత్తిగింజలొచ్చాయి. డబ్బు మాట ఎత్తలేదు. మిల్లులో పేరుకుపోయిన సరుకు వదిలించుకున్నారులే అని ఊరంతా అనుకుంది. వినీల కూడా అదే అనుకుంది. ఇప్పుడు తన చేత్తో గీసిన గీతే కాదంటోంది. ఆ ఏడు వాళ్ళ దగ్గర సరుకే లేదు.

వినీలకి సిగ్గేసింది. సత్తిరాజుగారిని నంబరు అడిగి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి మిల్లుకి ఫోన్ చేసింది. మిల్లు పెద్ద గంగయ్య పలికాడు.

"గంగయ్యగారూ, వరదప్పుడు మాకు గింజలు పంపారు. ఆ యేడు మీకే పంట పోయిందంట కదండీ? ఎలా పంపారండీ?"

"ఇప్పుడెందుకమ్మా అదంతా?" గంగయ్య కాసేపు నసిగాడు. "మా గొడ్లకి ఎండుచొప్పన్నా ఉంది. మీ వాటికి అదీ లేదని టీవీలో చూశాం. తలా ఓ బస్తా తెచ్చి పోశారు మావాళ్ళు. చెబితే మీరు పుచ్చుకోరని సత్తిరాజుగారి చేత ఒట్టేయించుకున్నాం."

"ఈ యేడు గింజలు మీ దగ్గరే తీసుకుంటామండి."

"ఈసారీ తక్కువేనమ్మా. చాలకపోతే ఇంకోచోట తెప్పించుకోండి, మేమేం అనుకోం."

వినీల వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ చెప్పకుండానే చేతులన్నీ లేచి ఉన్నాయి.

"ఉన్నవి ముందు మాకు పంపండి. మిగతావి ఆదిలాబాద్ నుంచి తెచ్చుకుంటాం. మిమ్మల్ని మాత్రం వదలం."

ఇంతలో పాపాయమ్మ లేచొచ్చి ఫోన్‌కి నోరు దగ్గరగా పెట్టి, వాళ్ళకి ఇక్కణ్ణుంచే వినపడాలన్నట్టు అరిచింది. "అయ్యా! మా గేదె బతికే ఉందయ్యా! మొన్ననే ఈనింది!"

ఆవిడ వెనకాల లోవలక్ష్మి, ఆ వెనకాల ఉషారాణి, ఒకరి తరవాత ఒకరు ఫోన్ దగ్గరికొచ్చారు. ఎవరి గేదె సంగతి వాళ్ళు చెప్పుకున్నారు. అవతల గంగయ్య "మంచిదమ్మా, మంచిది" అంటూనే ఉన్నాడు. అందరిదీ అయ్యాక వినీల ఫోన్ చేతిలోకి తీసుకుంది. కార్యదర్శిగా ఏవో ధన్యవాదాలు చెబుదామనుకుంది గానీ నోట్లోంచి ఒక్కమాటే వచ్చింది.

"మాది కూడానండి."