రాజును దాటేసిన పాఠం

సౌదీలోని దమ్మామ్‌లో అమెరికన్ సిలబస్ చెప్పే ఒక ప్రైవేటు స్కూల్లో కొర్నేలు మాస్టారికి మంచి పేరుండేది. నరసాపురం నుంచి వచ్చి, పెద్ద క్లాసులకు అమెరికా ప్రభుత్వం గురించిన పాఠం చెప్పేవాడు. రాజ్యాంగం, కేంద్రం, రాష్ట్రాలు ఆయన నోట్లో పడితే కథలా సాగేవి. ఇంతలో, ప్రతి సంస్థా ఇంతమంది సౌదీలను పెట్టుకోవాలనే నితాఖత్ చట్టం వచ్చింది. సౌదీ ఉద్యోగులు తక్కువున్నారని స్కూలును హెచ్చరికగా పసుపు రంగు జాబితాలోకి నెట్టారు. దాంతో యాజమాన్యం మిషాల్ అనే సౌదీ యువకుణ్ణి అసిస్టెంటుగా తీసుకుని, కొర్నేలు క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోబెట్టింది.

మిషాల్ ఏమీ రాసుకోడు, ఏమీ అడగడు. చేతులు కట్టుకుని వింటాడు. అదే కొర్నేలుకు మింగుడుపడలేదు.

"ఊరికే కూచున్నోడికి జీతమిస్తారా సార్ ఎవురైనా?" అన్నాడు లెక్కల మాస్టారు ఓబులయ్య, స్టాఫ్ రూములో టీ తాగుతూ. ఓబులయ్యది ప్రొద్దుటూరు. ఇద్దరివీ పక్కపక్క ఫ్లాట్లు. "మీరు చెప్పేదంతా పైకి చేరేస్తాంటాడు. రాజులుండే దేశంలో రాజుల్ని తిట్టే పాఠం మీది. జాగ్రత్తగా ఉండాల."

"తిట్లెక్కడున్నాయయ్యా?" కొర్నేలు నవ్వాడు. "రాజన్నవాణ్ణి నమ్మకూడదనుకున్నారు అమెరికా వాళ్లు. అక్కణ్నుంచే అంతా మొదలైంది."

నవ్వాడన్న మాటేగానీ, భయం పట్టుకుంది. మర్నాటి నుంచి పాఠం చిక్కిపోయింది. జనం ఇంగ్లండు రాజు మీద తిరగబడ్డ పేజీలు తిప్పేశాడు. కేంద్రమే రేపు ఇంకో రాజవుతుందేమోనని రాష్ట్రాలు జంకిన పేజీలూ తిప్పేశాడు. సైన్యం, నాణేలు కేంద్రానివి, బడులు, పోలీసులు రాష్ట్రాలవి అని అప్పజెప్పి ఊరుకున్నాడు. పిల్లలు ఆవలించారు.

"ఆ కుర్రాడు మిమ్మల్నేం చేశాడండీ?" అని అడిగింది భార్య సుందరి. ఆమె హాస్పిటల్లో నర్సు.

"ఏమీ చెయ్యట్లేదు. అందుకే నా అనుమానం."

ఒకరోజు వరండాలో మిషాల్ ఎదురొచ్చి ఆగాడు. "సార్, మధ్యలో పేజీలు ఎందుకు వదిలేశారు?"

"పరీక్షకు రావు" అని కొర్నేలు అబద్ధమాడి గబగబా వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే ప్రిన్సిపాల్ హుదా మేడం నుంచి పిలుపొచ్చింది. అయిపోయాననుకున్నాడు.

"మీ మీద రెండు ఫిర్యాదులున్నాయి" అందావిడ. "రాజులంటే పడకుండా పిల్లలకు నూరిపోస్తున్నారని ఒకటి. పాఠంలో సగం ఎగ్గొడుతున్నారని ఒకటి. రెండూ ఎలా నిజమవుతాయి?"

"మొదటిది మిషాల్ చెప్పాడా మేడం?"

"మిషాల్ చెప్పింది రెండోది. వచ్చే ఏడాది ఈ క్లాసు అతనిదే. సగం పాఠం నేర్చుకుని పిల్లల ముందు నిలబడలేనన్నాడు. మొదటిది చెప్పినాయన మీ మాటే నాకు వినిపించాడు, రాజన్నవాణ్ణి నమ్మకూడదని."

ఆ మాట కొర్నేలు క్లాసులో ఎన్నడూ అనలేదు. ఓబులయ్యతో తప్ప మరెవరితోనూ అనలేదు.

"దాన్ని నేను పట్టించుకోను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అంది మేడం. ఉద్యోగం సంగతి మాత్రం తన చేతుల్లో లేదంది.

సాయంత్రం పార్కింగ్‌లో నిలదీస్తే ఓబులయ్య బుకాయించలేదు. "మనిద్దరిలో ఒకర్ని పంపిచ్చేస్తారని విన్యా సార్. మీకు ఇంట్లో మేడం గారి ఉద్యోగముండాది. నాకు ముగ్గురు పిల్లోల్లు, వాళ్లందరికీ ఈడున్నందుకు నెలనెలా సర్కారుకు లెవీ కట్టాల."

"పోలీసులు నా ఇంటికొచ్చుంటే?"

కొర్నేలు కారెక్కి తలుపు వేసుకున్నాడు.

మర్నాడు మిషాల్‌ని ముందు బెంచీకి పిలిచి, తిప్పేసిన పేజీలు మళ్లీ తీశాడు. రాజు పీడ వదిలాక పదమూడు రాష్ట్రాలకీ కొత్త భయం పట్టుకుందన్నాడు. పెద్ద రాష్ట్రాన్ని చూసి చిన్నది జంకింది, కేంద్రాన్ని చూసి అన్నీ జంకాయి. పన్ను వేసే అధికారం కూడా ఇవ్వకపోయేసరికి ఆ కేంద్రం చతికిలపడింది. అప్పుడు ఒక హాల్లో చేరి, తలుపులూ కిటికీలూ మూసుకుని, వేసవంతా కీచులాడుకుని రాజ్యాంగం తయారుచేశారు.

"అంత అనుమానం ఉన్నవాళ్లు కలిసెలా బతికారు సార్?" అన్నాడు మిషాల్.

"అనుమానాన్ని దాచుకోలేదు. ఎవరి చేతిలో ఎంత ఉండాలో ఎదురెదురుగా కూర్చుని తేల్చుకున్నారు." అలా అంటుండగా కొర్నేలుకే సిగ్గేసింది. క్లాసు కాగానే అడిగేశాడు. "నా ఉద్యోగం కోసమే వచ్చావా?"

"అవును సార్. చేరినప్పుడే చెప్పారు. మీకూ చెప్పారనుకున్నాను."

ఎండాకాలంలో కొర్నేలుకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టి, దేశం వదిలి వెళ్లమన్నారు. తన కాంట్రాక్టు అయ్యేదాకా సుందరి నర్సుల హాస్టల్లో ఉండేటట్టు మాట్లాడుకున్నారు. బయల్దేరే ముందురోజు ఓబులయ్య ఒక డబ్బా పట్టుకుని తలుపు తట్టాడు. కొర్నేలు గదిలోంచి కదల్లేదు. సుందరే అందుకుని పంపించేసింది.

"ఓళిగలు, మన బొబ్బట్లే. వాళ్లావిడ చేసిందట, తినండి" అంటూ తెచ్చి ముందు పెట్టింది.

"నువ్వు తిన్నావా?"

"తిన్నాను. బతికే ఉన్నాను" అంది సుందరి.

కొర్నేలు చిన్న ముక్క తుంచి, అటూ ఇటూ తిప్పి చూసి నోట్లో పెట్టుకున్నాడు. బాగుందనలేదు. ఇంకో ముక్క మాత్రం తుంచుకున్నాడు.